దెబ్బకు తాళు అద్దము

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి పట్టణమునకు చేరువను తేలినీలాపురమను చిన్న గ్రామము కలదు. వానకాలము వెనుకబట్టి శరదృతువు ప్రవేశించు వేళకు ఆ గ్రామమునందలి చెట్ల కొమ్మలు బరువుచే వంగి కానవచ్చును. ఆ బరువు కాయలది కాదు, పక్షులది. గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును గుంపులు గుంపులుగా వచ్చి, చింత మున్నగు చెట్లపై గూళ్లు కట్టుకొని, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురక మునుపే వానితోకూడ తరలిపోవును. చుట్టుపట్ల చెఱువులును, నౌపడ చిత్తడినేలలును వానికి ఆహారము నొసగును. ఇచ్ఛాపురమునకు సమీపముననున్న తేలుకుంచి గ్రామమునకు తొలకరి వేళనే నత్తగుల్ల కొంగలు వచ్చి చేరును.

ఈ గ్రామములవారు ఆ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలవలె ఆదరింతురు. వానిపై ఱాయి రువ్వుట తప్పని పసిబిడ్డలకు నేర్పుదురు. కొంగలు వేళకు వచ్చిన యేడు వానలు చక్కగా కురియుననియు, పంటలు పండుననియు వారి నమ్మకము. ఆ నమ్మకమే పక్షులకు కంచెయైనది.

ఐతే ఆకాశము పక్షులకు మాత్రమే చెందిన కాలము గడచిపోయినది. విశాఖపట్టణమున విమానములు దిగును, ఎగురును. అచ్చటనే 1991లో నెలకొల్పబడిన నౌకాదళపు వైమానిక కేంద్రమున్నది. దాని పేరు ‘డేగా’. ఆ పేరు వినగనే మనకు డేగపక్షియే తలపునకు వచ్చును. విజయనగరము జిల్లాలోని భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేరిటి అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023వ సంవత్సరము మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. గూడబాతు ఱెక్కలాడింపకయే వేడిగాలి కెరటముపై వలయములుగా తిరుగుచు మిక్కిలి ఎత్తునకు పోగలదు. ఆ దారికి అడ్డముగా ఒక విమానము వచ్చినచో ఏమగును? పక్షి బ్రతుకదు, అది నిశ్చయము. విమానపు ముందటి అద్దము వెనుక కూర్చున్న చోదకుడు బ్రతుకునా? అతనిని నమ్మి వెనుక కూర్చున్న ప్రయాణికులు బ్రతుకుదురా? ఈ ప్రశ్నకు ఆకాశమున జవాబు వెదకుట ప్రమాదము. కావున శాస్త్రజ్ఞులు ఆ జవాబును భూమిమీదనే వెదకిరి. ఆ వెదకిన విధమే ఈ పాఠము.

మొదట దెబ్బ యెంతటిదో లెక్కవేసి చూతము. కదలుచున్న వస్తువునకుండు శక్తిని గతిశక్తి యందురు. బరువును వేగముచే గుణించి, వచ్చిన దానిని మరల వేగముచే గుణించి, అందు సగము తీసికొనిన గతిశక్తి తెలియును. బరువును కిలోలలోను, వేగమును సెకనునకు మీటర్లలోను చెప్పినచో, శక్తి జౌళ్లలో వచ్చును. గూడబాతు 4 మొదలు 6 కిలోల వఱకు తూగును. 5 కిలోల పక్షి యొకటి, గంటకు 300 కిలోమీటర్ల వేగముతో పోవు విమానమునకు ఎదురైనదనుకొందము. పక్షి వేగము స్వల్పము గనుక దానిని విడిచిపెట్టుదము. అప్పుడు తాకిడి శక్తి 17,000 జౌళ్లకు మించును. నూఱు కిలోల బియ్యపు బస్తాను అయిదంతస్తుల మేడపైనుండి క్రిందికి త్రోసినచో అది నేలను తాకునప్పటి శక్తి ఇంచుమించు ఇంతే. ఇంతటి శక్తియు అద్దముమీద ఒక్కచోట, సెకనులో నూఱవ వంతైన పట్టని కాలములో పడును.

‘పక్షి మెత్తనిది కదా! దానివలన గట్టి అద్దమునకు హాని యేమి?’ అని మీరడుగవచ్చును. చెఱువులో ఈతకొట్టు పిల్లవాడు చేతులు చాచి తలక్రిందుగా దుమికినపుడు నీరు మెత్తగానే యుండును. అతడే గట్టుపైనుండి బోర్లపడి దుమికినపుడు పొట్ట ఎఱ్ఱనై మండును. నీరు మాఱలేదు, తప్పుకొనుటకు దానికి వ్యవధి చాలలేదు. మహావేగముతో అద్దమును తాకిన పక్షియు నట్లే. దాని మెత్తదనము అప్పుడు ఎవ్వరిని కాపాడదు.

విమానమును కనుగొన్న రైటు సోదరుల కాలమునుండియే ఈ చిక్కు కలదు. 1905వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఆర్విల్ రైటు ఎగురుచుండగా ఒక పక్షి విమానమునకు తగిలి చచ్చెను. అతనికి హాని కలుగలేదు. 1912 ఏప్రిలు 3వ తేదీన అమెరికాలోని లాంగ్ బీచి యొద్ద కాల్బ్రెయిత్ రాడ్జర్సు అను వైమానికుడు మాత్రము సముద్రపు కాకి తగిలి, విమానము అదుపు తప్పుటచే మరణించెను. ఆనాటి విమానములకు గదియే లేదు. చోదకుడు ఎండకును గాలికిని ఎదురొడ్డి కూర్చుండెడివాడు. వేగము పెరిగినకొలది అతనిచుట్టు ఒక కప్పు అవసరమయ్యెను. ఆ కప్పులోనుండి అన్నివైపులను స్పష్టముగా కనబడవలెను, అది తేలికగా నుండవలెను, దెబ్బకు తాళవలెను.

గాజు స్పష్టమైనదే కాని బరువైనది. దానిని పందిరివలె వంచుట కష్టము. పగిలినచో కత్తులవలె ముక్కలగును. 1930వ దశకమున ఇంగ్లండులోను, జర్మనీలోను రసాయన శాస్త్రజ్ఞులు ఎక్రిలిక్ అను పారదర్శకమైన ప్లాస్టిక్కును వాడుకలోనికి తెచ్చిరి. ఇంగ్లండువారు దానికి పెర్స్పెక్స్ అనియు, జర్మనులు ప్లెక్సిగ్లాసు అనియు పేరులిడిరి. దానిబరువు గాజు బరువులో సగమునకు లోపు. వెలుతురును గాజువలెనే, నూటికి సుమారు 92 వంతులు, పోనిచ్చును. వేడిచేసిన మెత్తబడి, కోరిన రూపునకు వంగును. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున యుద్ధవిమానముల పందిళ్లు దీనితోనే చేయబడినవి. నేటికిని ప్రయాణికుల విమానములలో మనము ‘అద్దము’ అని పిలుచు ప్రక్క కిటికీలు సాధారణముగా ఎక్రిలిక్ పలకలే, గాజు కాదు.

తేలికదనమును స్పష్టతయు లభించినవి. మఱి మూడవ గుణము? 1964 అక్టోబరు 31వ తేదీన అమెరికాలోని హూస్టను నగరపు చెంత థియొడోర్ ఫ్రీమన్ అను వ్యోమగామి శిక్షణ విమానము నడుపుచుండెను. ఒక పెద్దబాతు వచ్చి ప్లాస్టిక్కు పందిరిని తాకెను. పందిరి పగిలి, ఆ ముక్కలు ఇంజనులలోనికి పోయెను. ఇంజనులు ఆగిపోయెను. అతడు విమానమునుండి బయటికి దుమికెను గాని, భూమి అప్పటికే చేరువైనందున పారాచూటు వేళకు విప్పుకొనలేదు. చంద్రమండల యాత్రకు సిద్ధమగుచున్న సాహసి ఒక పక్షి దెబ్బకు ప్రాణములు కోల్పోయెను. అతనిని చంపినది పక్షి యొక్కటియే కాదు. దెబ్బకు తాళక పగిలిన పలకయు కారణమే.

ఇచ్చట ఒక భేదమును గ్రహింపవలెను. గట్టిదనము వేఱు, దెబ్బకు తాళుట వేఱు. బాగుగ కాలిన కుండ గట్టిదే. గోటితో గీచిన గీత పడదు. కాని చేయి జాఱి పడినచో వందముక్కలగును. తోలుసంచి మెత్తనిది, ఎన్నిమార్లు పడినను చెక్కుచెదరదు. విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమును మీలో ననేకులు చూచియుందురు. సిరిమానునకై పచ్చి చింతమాను నేర్చి కొనివత్తురు. దాని కొనయందు పూజారి ఆసీనుడై, మాను ఊగుచున్నను, వేలాది జనుల నడుమ ఊరేగును. వంగుట తెలిసినదే విఱుగక నిలుచును. వంగనిది పెటుక్కున విఱుగును. దెబ్బలోని శక్తిని వంగుటచేతను, సాగుటచేతను తనలో ఇముడ్చుకొనగల గుణమునే తాకిడికి తాళు గుణమందురు. ఈ గుణము కంటికి కనబడదు. అంగడిలో కుండను కొనునపుడు మన పెద్దలు వ్రేళ్లతో కొట్టి, మ్రోత విని కొందురు కదా! ప్లాస్టిక్కు పలకనుకూడ కొట్టియే చూడవలెను.

కొట్టి చూచుటకు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సాధనములలో మొదటిది లోలకము. 1901లో ఫ్రాన్సు దేశీయుడగు షార్పియు, 1903లో ఇంగ్లండు దేశీయుడగు ఐజాడును దీనిని లోహముల పరీక్షకై రూపొందించిరి. పిదప ఇదియే ప్లాస్టిక్కులకు ఉపయోగపడెను. ఒక బరువైన సుత్తిని ఊయెలవలె వ్రేలాడదీసి, ఒక నిర్ణీతమైన ఎత్తునకు లేపి విడుతురు. అది క్రిందికి దిగివచ్చి, మార్గమున బిగించియున్న చిన్న ప్లాస్టిక్కు కడ్డీని కొట్టి విఱుగగొట్టి, రెండవవైపునకు లేచును. కడ్డీ లేనిచో సుత్తి ఇంచుమించు మొదటి ఎత్తునకే లేచును. కడ్డీ యున్నచో అంతకంటె తక్కువ ఎత్తునకు లేచును. ఆ తగ్గిన ఎత్తే కడ్డీ మ్రింగిన శక్తికి కొలత. ఎంత తగ్గినచో ఆ పదార్థము దెబ్బకు అంత తాళినదన్నమాట.

ఈ పరీక్షకు ముందు కడ్డీకి ఒక గంటు పెట్టుదురు. చెడని వస్తువును చెఱచి పరీక్షించుట న్యాయమా యని తోచవచ్చును. బట్టల అంగడివాడు గుడ్డను చింపునపుడు ఏమి చేయునో గుర్తు తెచ్చుకొనుడు. అంచున కత్తెరతో చిన్న గంటు పెట్టి, పిదప రెండు చేతులతో లాగును; గుడ్డ సరళరేఖగా చినిగిపోవును. ఆ గంటు లేనిచో అతడెంత లాగినను చినుగదు. బలమంతయు గంటు మొనయందే కూడుకొనుట దీనికి కారణము. విమానపు కిటికీకి గీతలు పడకుండునా? దుమ్ము, ఇసుక, తుడుచువాని పొడిగుడ్డ, ఏదో యొకటి గీచుచునేయుండును. కావున గంటు పెట్టిన కడ్డీయే నిజమైన కిటికీకి ప్రతినిధి. క్రొత్తదనములో బలము చూపుట గొప్పగాదు. గాయపడిన పిదప బలము చూపుటయే గొప్ప.

రెండవ పరీక్ష మఱింత సులభమైనది. పలకను చట్రములో బిగించి, గుండ్రని మొనగల బరువును ఒక ఎత్తునుండి దానిపై జాఱవిడుతురు. పగులనిచో మఱియొక పలకపై కొంచె మెక్కువ ఎత్తునుండియు, పగిలినచో కొంచెము తక్కువ ఎత్తునుండియు విడుతురు. ఇట్లు మెట్లెక్కుచు దిగుచు, ఏ ఎత్తునుండి విడిచిన పలకలలో సగము పగులునో, సగము నిలుచునో ఆ ఎత్తును తేల్చుదురు. ఒక్క పలకను కొట్టి తీర్పు చెప్పరాదు. ఒకే దినమున, ఒకే అచ్చున చేసిన పలకలు సయితము ఒకేతీరుగ నుండవు. అనేకములను పగులగొట్టిన పిమ్మటనే నమ్మదగిన సంఖ్య లభించును.

ఈ పరీక్షలు ఏమి తెలిపెను? సామాన్యమగు ఎక్రిలిక్ స్పష్టమైనదే గాని పెళుసైనది. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్ అనువాడును, అమెరికాలో డానియల్ ఫాక్సు అనువాడును, ఒకరినొకరు ఎఱుగకయే, పాలీకార్బొనేటు అను మఱియొక పారదర్శకమైన ప్లాస్టిక్కును కనుగొనిరి. గంటు పెట్టిన పలుచని కడ్డీలతో లోలక పరీక్ష చేసినచో, పాలీకార్బొనేటు ఎక్రిలిక్ కంటె ముప్పది రెట్లకు పైగా శక్తిని మ్రింగును. ఐనచో అంతయు దానితోనే చేయరాదా? చేయరాదు. అది మెత్తనిది, సులభముగా గీతలు పడును. ఎండకు పసుపువన్నెకు తిరుగును. కొన్ని ద్రావకములు సోకిన సన్నని నెఱ్ఱెలు పుట్టును. ఒక గుణము మెఱుగుపడినచోట వేఱొకటి తఱుగుట ప్రకృతిధర్మము. కావున కొన్ని యుద్ధవిమానముల పందిళ్లలో దెబ్బకోర్చు పాలీకార్బొనేటును ప్రధానముగా నుంచి, దానిపై గీతలకోర్చు పూతనో, ఎక్రిలిక్ పొరనో చేర్తురు.

ఎక్రిలిక్‌ను బాగుచేయుటకును ఉపాయము దొరకినది. దాని అణువులు పొడవైన దారములవంటివి. అవి ఏకని ప్రత్తివలె చిక్కుపడియుండును. పొందూరు నేతగాండ్ర యిండ్లలో ప్రత్తిని ఏకి, సాగదీసి, నూలు వడకుట మీకు తెలిసినదే. చిక్కువడిన ప్రత్తికి లేని బలము సాగదీసిన నూలునకు కలదు. అట్లే ఎక్రిలిక్ పలకను వేడిచేసి, నిడివివైపునకును వెడల్పువైపునకును లాగినచో, అణువులు పలక వెంబడి పఱచుకొనును. అప్పుడు ఒకచోట పుట్టిన పగులు సూటిగా పలకను చీల్చుకొని పోజాలదు. ఇట్టి సాగదీసిన ఎక్రిలిక్కే విమానముల కిటికీలకు విరివిగా వాడబడుచున్నది.

చిన్న కడ్డీలను విఱుచుట, పలకలపై బరువులు వేయుట పదార్థముల తారతమ్యమును తెలుపును. కాని చట్రములో బిగించిన పూర్తి కిటికీ నిజమైన పక్షికి తాళునో లేదో అవి చెప్పజాలవు. దానికొక పెద్ద పరీక్ష కావలసివచ్చెను. 1942వ సంవత్సరప్రాంతమున అమెరికా పౌరవిమానశాఖవారు, వెస్టింగ్‌హౌసు సంస్థ తోడ్పాటుతో, గాలితుపాకితో పక్షులను ప్రయోగించి విమానపు అద్దములను పరీక్షింప మొదలిడిరి. ఆ పరిశోధనమును జార్జి పిగ్మన్, పెల్ కంగాస్ అను ఇంజనీర్లు సాగించి, 1950లో వివరముగా ప్రకటించిరి.

ఆ తుపాకి పనిచేయు విధము వినుడు. ఒక పెద్ద తొట్టిలో గాలిని అణచి నింపుదురు. దానికి పొడవైన గొట్టమును అమర్తురు. అంతకుముందే చనిపోయిన పక్షిని తూచి, ఒక తొడుగులో నుంచి గొట్టమున పెట్టుదురు. కవాటమును తెఱచినంతనే గాలి త్రోపునకు తొడుగు మహావేగముతో ముందునకు దుముకును. గొట్టపు కొనయందు తొడుగు ఆపబడును. పక్షి మాత్రము ముందుకు పోవును. మార్గమున రెండు వెలుతురు కిరణములుండును. పక్షి మొదటిదానిని, పిదప రెండవదానిని అడ్డగించుటకు పట్టిన కాలమునుబట్టి దాని వేగమును తెలిసికొందురు. ఎదుట, విమానములో నున్నట్లే ఏటవాలుగా బిగించిన కిటికీ యుండును. సెకనునకు వేలకొలది చిత్రములు తీయు కెమెరాలు ఆ తాకిడిని పట్టుకొనును.

కిటికీ వెనుక, చోదకుని ముఖముండవలసినచోట, ఒక పలుచని రేకు నుంచుదురు. దానిని సాక్షి యనవచ్చును. కిటికీ పగులక నిలిచినట్లు కనబడినను, లోపలివైపునుండి సన్నని ముక్కలు చిమ్మినచో ఆ రేకునకు తూట్లు పడును. ఆ తూట్లే చోదకుని కన్నులకు తగులగల గాయములు. పరీక్షకులు మొదట కిటికీవంకగాక ఆ సాక్షివంక చూతురు. సాక్షి నోరులేనిదైనను అబద్ధము చెప్పదు.

ఈ పరీక్షలవలన ఒక గొప్ప సంగతి బయటపడెను. గాజు ఎంత మందముగా నున్నదనునదానికంటె, రెండు గాజుపలకల నడుమ నుంచిన మెత్తని వినైలు ప్లాస్టిక్కు పొర ఎంత మందమైనదనునదే ముఖ్యము. గాజు పగిలినను ఆ పొర సాగి, పక్షిని పట్టి నిలుపును. కళింగపట్టణపు బెస్తవాడు విసరిన వల, చేప గుద్దినపుడు సాగునే గాని తెగదు గదా! అట్లే. ఐతే ఆ పొర చలికి బిగిసి పెళుసెక్కును. మితిమీఱిన వేడికి బలము తగ్గును. కావున చలిలో నొకమాఱు, వేడిలో నొకమాఱు పరీక్షించుట అవసరమయ్యెను. కొన్ని విమానముల ముందటి అద్దములను విద్యుత్తుతో వేడిచేయుటవలన మంచు కరగుటయేగాక ఈ మేలుకూడ కలుగుచున్నది.

పరీక్షకు వాడు పక్షి గడ్డకట్టినదై యుండరాదు. ఈ నియమమును గూర్చి ఇంజనీర్లలో ఒక హాస్యకథ కలదు. ఎవరో గాలితుపాకిని ఎరువు తెచ్చుకొని, మంచుపెట్టెలోని కోడిని తీసినది తీసినట్లే ప్రయోగించిరట. అది అద్దమును, కుర్చీని, వెనుక గోడను గూడ చీల్చుకొని పోయెనట! ‘ముందు కోడిని కరగనిండు’ అని తుపాకి యజమానులు జవాబు వ్రాసిరట. ఇది కట్టుకథయే గాని నీతి కలది: పరీక్ష సత్యమునకు దగ్గరగా నుండవలెను; లేనిచో దాని ఫలితము మోసము. నేడు అనేక పరిశోధనలలో పక్షికి బదులు పక్షి సాంద్రతగల జెలటిను ముద్దను వాడుచున్నారు.

మనదేశమున 1959లో జాతీయ వైమానిక ప్రయోగశాల స్థాపింపబడినది. బెంగుళూరులోని ఈ ప్రయోగశాలకు 1965 మొదలు 1984 వఱకు డాక్టరు వల్లూరి సీతారామారావుగారు అధిపతిగా నుండిరి. విమానభాగములు దీర్ఘకాలము బరువు మోసి ఎట్లు అలసి పగులునో పరిశోధించిన పండితులు వారు. ఆ ప్రయోగశాలలోను గాలితుపాకితో పక్షితాకిడి పరీక్షలు జరిపిరి.

మఱి కిటికీ ఎంత పక్షికి తాళవలెను? పెద్ద ప్రయాణ విమానముల విషయమున అమెరికా నియమము ఇట్లున్నది: నాలుగు పౌనుల, అనగా సుమారు 1.8 కిలోల పక్షి, ఆ విమానమునకు నిర్ణయింపబడిన ప్రయాణవేగముతో ముందటి అద్దమును తాకినను లోనికి చొచ్చుకొని రాకూడదు. మన తేలినీలాపురపు గూడబాతు అంతకు రెండు మూడు రెట్లు బరువు! ఇది విని భయపడనక్కఱలేదు, లెక్కవేసి చూడుడు. 1.8 కిలోల పక్షి గంటకు 600 కిలోమీటర్ల వేగమున తాకినచో శక్తి 25,000 జౌళ్లు. 5 కిలోల గూడబాతు, దిగుచున్న విమానమునకు గంటకు 250 కిలోమీటర్ల వేగమున తగిలినచో శక్తి సుమారు 12,000 జౌళ్లు మాత్రమే. బరువు రెట్టింపైన శక్తి రెట్టింపగును. వేగము రెట్టింపైన శక్తి నాలుగురెట్లగును. పదివేల అడుగులకు దిగువను 250 నాట్లకు, అనగా గంటకు సుమారు 463 కిలోమీటర్లకు మించి పోరాదను నియమము అనేక దేశములలో కలదు. పక్షులు తఱచుగా ఎగురు ఎత్తులలో ఈ నెమ్మదియు ఒక రక్షణమే.

ఐనను ఎంత పరీక్షించిన కిటికీకైనను ఒక హద్దు కలదు. ఆ హద్దును దాటిన దెబ్బ తగులకుండ చూచుట మన వంతు. విమానాశ్రయము చుట్టు చెత్తయు, మాంసపు వ్యర్థములును పడవేసినచో గద్దలును కాకులును మూగును. అందుచేతనే మన 1937 నాటి విమాన నియమావళిలో 91వ నియమము, విమానాశ్రయమునకు పది కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించునట్లు చెత్త వేయుటను, పశువులను వధించుటను నిషేధించినది. పక్షులను చంపి ఆకాశమును ఖాళీచేయుట పరిష్కారము కాదు. గూడబాతు గూడు చెదరగొట్టకయే చోదకుని కన్నులను కాపాడుట మానవుని తెలివికి తగిన పని.

కన్నుల మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పి ముగింతును. 1940 ఆగస్టులో గోర్డన్ క్లీవర్ అను బ్రిటిషు వైమానికుని యుద్ధవిమానము శత్రువుల కాల్పులకు గుఱియయ్యెను. పందిరి పగిలి, పెర్స్పెక్స్ ముక్కలు అతని రెండు కన్నులలోను దిగబడెను. అతనికి చికిత్స చేసినవారిలో నొకడగు హెరాల్డు రిడ్లీ అను వైద్యుడు ఒక వింతను గమనించెను. గాజుముక్క కంటిలోనున్నచో కన్ను వాచును. ఈ ప్లాస్టిక్కు ముక్కలు సంవత్సరములు గడచినను కంటిలో నిశ్చలముగా నుండెను. ఆ పరిశీలనము ఆధారముగా నతడు, 1949 నవంబరు 29వ తేదీన లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో, శుక్లము తీసిన కంటిలో ఎక్రిలిక్ కటకము నమర్చు శస్త్రచికిత్సను ప్రారంభించెను. నేడు మన గ్రామములలో శుక్లము తీయించుకొని మరల మనుమల ముఖములు చూచుచున్న అవ్వలును తాతలును ఎందఱో! వారి చూపునకు మూలము ఒకనాడు ఆకాశమున పగిలిన కిటికీ ముక్క.

పగిలిన వస్తువును పాఱవేయువాడు సామాన్యుడు; అది ఎందుకు పగిలినదని అడుగువాడు శాస్త్రజ్ఞుడు. ఆకాశమున పగులకూడనిదానిని నేలమీద వేయిమార్లు పగులగొట్టి చూచుటయే పరీక్ష. ఇకమీదట మీ యూరిమీదుగా విమానము పోవునపుడు తలయెత్తి చూడుడు. దాని ముందటి కిటికీ వెనుక ఒక మనుజుడు నిశ్చింతగా కూర్చుండియున్నాడు. ఆ నిశ్చింత యెందఱో పరీక్షకుల ఓర్పు పంట.

ప్రశ్నలు

1. తేలినీలాపురము, తేలుకుంచి గ్రామములవారు పక్షుల నెట్లు ఆదరింతురు?

2. గట్టిదనమునకును, దెబ్బకు తాళు గుణమునకును గల భేదమును ఉదాహరణములతో తెలుపుడు.

3. లోలక పరీక్షలో కడ్డీకి గంటు పెట్టుటకు కారణమేమి?

4. పాలీకార్బొనేటు గుణదోషములను వ్రాయుడు.

5. గాలితుపాకి పరీక్షను వర్ణింపుడు. అందు ‘సాక్షి’ చేయు పని యేమి?

6. 2 కిలోల పక్షి గంటకు 180 కిలోమీటర్ల వేగముతో పోవు విమానమునకు తగిలినచో గతిశక్తి యెంత? వేగము రెట్టింపైనచో ఎంతయగును?

7. విమానములును పక్షులును ఒకే ఆకాశమున క్షేమముగా నుండుటకు మీ యూరివారు ఏమి చేయగలరు?